నాన్న పోయారు, ఇంటి మీద లోను మిగిలింది: ఉంచుకోవాలా, అమ్మాలా?

పెద్దకర్మ ఇంకా కాలేదు. టీవీ పక్కన చార్జింగ్‌లో ఉన్న నాన్న ఫోను మోగుతుంది. ఎవరో పరామర్శకు చేశారనుకుని తీస్తే బ్యాంకు మెసేజి: ఈ నెల ఈఎంఐ బౌన్సయింది, పెనాల్టీ ఇంత. చాలా ఇళ్లలో లోను సంగతి పిల్లలకు తెలిసేది ఇలాగే. ఆ మెసేజి చూడగానే ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. "నాన్న రక్తం ధారపోసి కట్టిన ఇల్లు, అమ్మే మాటే ఎత్తొద్దు" అని ఒకరు. "ఈ బరువు మనమెక్కడ మోస్తాం, ఇచ్చేద్దాం" అని ఇంకొకరు. తమాషా ఏమిటంటే అప్పటికి ఇద్దరి చేతిలోనూ ఒక్క కాగితం ఉండదు.

ఇలాంటివి మా చుట్టాల్లోనే మూడు చూశాను. ఒకదాంట్లో ఫైలు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగింది నేనే. తిరిగి తిరిగి నేర్చుకున్నది ఒకటే: ఇల్లు ఎవరికి, ఈఎంఐ కట్టేది ఎవరు అన్నవి విడివిడిగా నడిస్తే గొడవ ఖాయం. ఆ రెండూ ఒకే కాగితం మీద తేలాలి. అక్కడిదాకా ఎలా వెళ్లాలో వరసగా చెబుతాను.

ముందు ఈఎంఐ ఆగనివ్వకండి

నాన్న పోయారని తెలియగానే బ్యాంకు ఆయన సేవింగ్స్ ఖాతాను నిలిపేస్తుంది. ఈఎంఐ వెళ్లేది ఆ ఖాతాలోంచే కాబట్టి డబ్బు ఉండీ బౌన్సవుతుంది. దీనికి విరుగుడు చాలా చిన్నది. బ్రాంచికి వెళ్లి లోను ఖాతా నంబరు రాసి, నేరుగా ఆ ఖాతాలోనే వాయిదా కట్టండి. ఎవరు కట్టినా తీసుకుంటారు. కట్టినంత మాత్రాన అప్పు మీ మెడకు చుట్టుకోదు.

వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే ఆ లోను ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత బ్యాంకు మాట తీరే మారిపోతుంది. అందుకే ఇంటిని ఏం చేయాలో తేలకపోయినా మొదటి మూడు నాలుగు నెలలు ఎలాగోలా కట్టండి. అది ఆలోచించుకోవడానికి వ్యవధి కొనుక్కోవడమే.

ఇంకో మాట. నాన్న ఏటీఎం కార్డు, పిన్ను తెలుసు కదా అని డబ్బు తీయకండి, ఫోన్‌పే కొట్టకండి. ఇవాళ అవసరం గడవొచ్చు, రేపు మిగతా వారసుల్లో ఒకరు స్టేట్‌మెంట్ తీసి "ఆయన పోయిన మూడో రోజున 40 వేలు ఎవరు తీశారు?" అని అడుగుతారు. కట్టిన ప్రతి వాయిదాకూ రసీదు ఉంచుకుని, ఎవరి జేబులోంచి ఎంత వెళ్లిందో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. అందరికీ వాట్సాప్‌లో ఫొటో పెట్టేస్తే ఇంకా మంచిది.

బ్యాంకుకు చెప్పండి, సంతకం మాత్రం పెట్టకండి

మరణ ధ్రువీకరణ పత్రం పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో తీసుకోండి. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఏ ఇబ్బందీ ఉండదు. ఒకేసారి పది కాపీలు తీయించండి, ఎక్కడికక్కడ ఒకటి అడుగుతారు. దాన్ని జతచేసి బ్రాంచి మేనేజరుకు ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ ఉత్తరంలోనే ఇవి అడగండి: లోను మొదలైన రోజు నుంచి పూర్తి స్టేట్‌మెంటు, శాంక్షన్ లెటరు, సహరుణగ్రహీతలు, హామీదారుల పేర్లు, మరణించిన తేదీ నాటికి ఉన్న బాకీ, బ్యాంకు దగ్గరున్న ఒరిజినల్ దస్తావేజుల జాబితా, ఈ లోనుకు సంబంధించిన బీమా వివరాలు.

కౌంటర్ దగ్గర మీకు మర్యాద చేసి, కుర్చీ వేసి, "ఇక్కడొక సంతకం పెట్టండి సార్, లోను మీ పేరున మార్చేస్తాం" అంటారు. పెట్టకండి. కొత్త రుణపత్రం మీద సంతకం పడితే అప్పటిదాకా ఇంటి మీదున్న అప్పు మీ జీతం మీదికి వస్తుంది. "ఇంట్లో అందరం మాట్లాడుకుని వస్తాం" అని లేచి వచ్చేయండి.

బీమా దొరికితే సగం సమస్య అక్కడే తీరుతుంది

అందరూ తొందరగా దాటేసేదీ, నేను అందరికంటే ఎక్కువ సతాయించేదీ ఇక్కడే. గృహరుణం ఇచ్చేటప్పుడు చాలా బ్యాంకులు ఒకే ప్రీమియంతో లోను బీమా కట్టించి, ఆ ప్రీమియాన్ని కూడా లోనులో కలిపేస్తాయి. బాండు ఇంటికి రాదు, వచ్చినా నాన్న దాన్ని పెళ్లి శుభలేఖల మధ్య పెట్టి ఉంటారు.

మా మేనమామ పోయాక ఆయన కొడుకు ఏడు నెలలు క్రమం తప్పకుండా ఈఎంఐ కట్టాడు. బ్రాంచిలో అడిగితే "ఇన్సూరెన్స్ ఏమీ లేదండీ" అన్నారు. స్టేట్‌మెంటు చేతికొచ్చాక మొదటి పేజీ చూశాను. లోను సొమ్ము విడుదలైన వారం తర్వాత 70 వేల పైచిలుకు డెబిట్ ఒకటి, పక్కన పొట్టి అక్షరాల్లో బీమా కంపెనీ పేరు. అది చూపించాక గానీ మాస్టర్ పాలసీ (బ్యాంకు తన రుణగ్రహీతలందరికీ కలిపి తీసుకునే బీమా) నంబరు బయటికి రాలేదు. క్లెయిమ్ వచ్చాక బాకీ దాదాపు మొత్తం తీరింది. ఆ ఒక్క లైను ఎవరూ చదవకపోయి ఉంటే ఆ కుర్రాడు ఇంకో పన్నెండేళ్లు కట్టేవాడు.

కాబట్టి స్టేట్‌మెంటు మొదటి రెండు నెలలూ వేలు పెట్టి లైను లైనూ చదవండి. బీమా కనిపిస్తే మూడు విషయాలు చూసుకోండి. లోను 20 ఏళ్లకు ఉన్నా బీమా తక్కువ ఏళ్లకే తీసుకుని ఉండొచ్చు. భార్యాభర్తలిద్దరూ రుణగ్రహీతలైతే బీమా ఒక్కరి మీదే ఉండొచ్చు, లేదా ఇద్దరి మధ్య వాటాలుగా ఉండొచ్చు. వాయిదాలు తప్పినా, వడ్డీ రేటు పెరిగినా అసలు బాకీ బీమా మొత్తాన్ని మించిపోయి ఉండొచ్చు, ఆ తేడా మీరు కట్టుకోవాలి. క్లెయిమ్ నడిచినన్నాళ్లూ ఈఎంఐ ఆపకండి. డబ్బు వచ్చాక, నాన్న పోయిన తేదీ తర్వాత మీరు కట్టిన వాయిదాల సంగతేమిటని రాతపూర్వకంగా అడగండి.

"జబ్బు దాచారు" అని క్లెయిమ్ తిరస్కరిస్తే వెంటనే నీరుగారిపోకండి. పాలసీ మొదలై మూడేళ్లు దాటితే, ఏ కారణంతోనూ ఆ జీవిత బీమా పాలసీని ప్రశ్నించడానికి బీమా చట్టం 45వ సెక్షన్ ఒప్పుకోదు. హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించే అధికారి) కార్యాలయం ఉంది, ఫిర్యాదుకు లాయరు అక్కర్లేదు.

లోను బీమా లేకపోయినా వెతకడం ఆపకండి. నాన్న పాసుబుక్కులో ఏటా మే నెలాఖరున 436 రూపాయలు పోయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి, 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు పోయి ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోయినవాళ్లకు 2 లక్షలు. పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో ఉండగా పోతే ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటే ఉండే జీవిత బీమా) కింద 7 లక్షల దాకా రావచ్చు. ప్రభుత్వోద్యోగి అయితే ఆయన ఆఫీసులో ప్రభుత్వ జీవిత బీమా వివరాలు అడగండి. జీతం ఖాతాతో పాటు ప్రమాద బీమా ఇచ్చే బ్యాంకులు కూడా ఉన్నాయి, అడిగితేనే చెబుతాయి.

ఈ అప్పుకు బాధ్యులు ఎవరు?

తండ్రి అప్పు కొడుకు తీర్చాల్సిందే అని మన పెద్దలంటారు. ధర్మం సంగతి ఎవరిష్టం వారిది, చట్టం మాత్రం అలా లేదు. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి విలువ మేరకే వారసుడి బాధ్యత. కొడుకన్న ఒక్క కారణంతో పితృరుణం పేరిట వసూలు చేసే పాత పద్ధతిని 2005 హిందూ వారసత్వ సవరణ తీసేసింది, ఆ తర్వాత చేసిన అప్పులకు అది చెల్లదు. మీ సొంత జీతం, మీరు కొనుక్కున్న స్థలం, మీ భార్య బంగారం బ్యాంకు ముట్టుకోవడానికి వీల్లేదు.

మినహాయింపు ఒకటుంది, అదే చాలామందిని ముంచుతుంది. శాంక్షన్ లెటర్లో సహరుణగ్రహీతగా గానీ హామీదారుగా గానీ మీ సంతకం ఉంటే మీరు వారసులు కాదు, బాకీదారులు. మొత్తం అప్పుకు బాధ్యులు. నాన్నకు వయసు ఎక్కువైందని, లోను గడువు పెరుగుతుందని అప్పట్లో కొడుకు చేతో కోడలి చేతో సంతకం పెట్టించి ఉంటారు. అమ్మ చేత కూడా పెట్టించి ఉంటారు, ఆమెకు గుర్తు కూడా ఉండదు. అలాంటివారి సిబిల్ స్కోరు ఒక్క వాయిదా తప్పినా దెబ్బతింటుంది.

వారసులు ఎవరో కాగితం మీద పెట్టండి

నాన్న విల్లు రాశారా అన్నది ముందు చూడండి. ఇద్దరు సాక్షుల సంతకాలుంటే రిజిస్ట్రేషన్ లేకపోయినా చెల్లుతుంది. విల్లు లేకపోతే హిందూ కుటుంబాల్లో ఆయన స్వార్జిత ఇంటికి భార్య, కొడుకులు, కూతుళ్లు సమానంగా హక్కుదారులు. బతికి ఉంటే నాయనమ్మ కూడా. ఈవిణ్ని అందరూ మరిచిపోతారు. మండువాలో కూర్చుని మందులు వేసుకునే ఆ ముసలమ్మ సంతకం లేదని రిజిస్ట్రేషన్ రోజున అమ్మకం ఆగిపోయింది, నా కళ్లారా చూశాను. నాన్నకంటే ముందే పోయిన అన్న ఉంటే ఆయన భార్యాపిల్లలకు ఆయన వాటా వస్తుంది. కూతుళ్లకు కట్నం ఇచ్చేశాం కాబట్టి వాటా లేదన్న మాట చట్టం ముందు నిలవదు. ముస్లిం కుటుంబాల్లో ముందు అప్పులు తీరి, మిగిలినదాంట్లోనే పంపకం. క్రైస్తవులకు భారత వారసత్వ చట్టం వేరుగా ఉంది.

ఇల్లు అమ్మానాన్నలిద్దరి పేరునా ఉంటే పంపకానికి వచ్చేది నాన్న సగమే. బ్యాంకు ఖాతాకు నామినీ అయినంత మాత్రాన ఆ డబ్బు ఆ ఒక్కరిదే అయిపోదు, నామినీ మిగతా వారసుల తరఫున తీసుకునేవాడు మాత్రమే.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెడితే తహసీల్దారు విచారించి ఇస్తారు. మైనర్ పిల్లలు వారసులుగా ఉంటే వాళ్ల వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి, నెలలు పడుతుంది.

ఇప్పుడు లెక్క

భోజనాల బల్ల మీద కాదు, కాగితం మీద. ఒక లెక్క వేసి చూపిస్తాను. నాన్న 30 లక్షలు, 8.5 శాతానికి, 20 ఏళ్లకు తీసుకున్నారనుకోండి. ఈఎంఐ సుమారు 26,035. ఎనిమిదేళ్లు కట్టి పోయారు. అంటే దాదాపు 25 లక్షలు కట్టేశారు. బాకీ ఎంత ఉంటుందనుకుంటున్నారు? దాదాపు 23.45 లక్షలు. "సగానికి పైగా కట్టేశాంగా" అనుకున్నవాళ్లంతా ఇక్కడే కుర్చీలో వెనక్కి వాలిపోతారు.

ఇంటి ధర 60 లక్షలు. చుట్టుపక్కల ఇళ్లు నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో ఇద్దరు ముగ్గురిని అడిగి తేల్చుకోండి, రిజిస్ట్రేషన్ విలువను నమ్మకండి, బ్రోకరు మొదటి మాటనూ నమ్మకండి. 60లోంచి 23.45 తీస్తే 36.55 లక్షలు. అమ్మ, కొడుకు, కూతురు ఉంటే మనిషికి 12.18 లక్షలు. పంచుకునే ఆస్తి ఇంతే. 60 లక్షల ఇల్లు అనుకుంటూ మాట్లాడితే మాటలు తెగవు.

తర్వాత ఒక పరీక్ష. ఆ ఇంటికి నెలకు అద్దె 14 వేలు వస్తుందనుకోండి. మిగిలిన బాకీ మీద మొదటి నెల వడ్డీ ఒక్కటే 16,600 పైన. అద్దె వడ్డీని కూడా కప్పడం లేదు. అలాంటప్పుడు "అద్దెకిచ్చి లోను తీర్చుకుందాం" అంటే నెలకు 12 వేలు ఎవరో ఒకరు జేబులోంచి వేయాలి. ఆ ఎవరో ఒకరి పేరు చెప్పకుండా ఎవరూ ఆ మాట అనకూడదని మా ఇంట్లో నియమం పెట్టాను.

ఏ దారి?

ఒకరు ఉంచుకోవాలంటే పై లెక్క ప్రకారం చెల్లెలికి 12.18 లక్షలు ఇచ్చి, 23.45 లక్షల బాకీ నెత్తిన వేసుకోవాలి. చెల్లెలు హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేస్తుంది. తనఖాలో ఉన్న ఇల్లు కాబట్టి ముందుగా బ్యాంకు రాతపూర్వక అంగీకారం తీసుకోండి. బ్యాంకు మీ ఆదాయం, వయసు చూసి లోను మీ పేరున మారుస్తుంది లేదా కొత్తది ఇస్తుంది. ఆ రోజున వడ్డీ రేటు కూడా బేరమాడండి. 2019 అక్టోబరుకు ముందు తీసుకున్న లోనైతే పాత పద్ధతి రేటులోనే పడి ఉండొచ్చు, ఆర్బీఐ రెపో రేటును బట్టి మారే పద్ధతికి మార్చమని అడగండి. ఒప్పుకోకపోతే వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ గృహరుణం ముందే తీర్చేసినా వ్యక్తుల నుంచి పెనాల్టీ వసూలు చేయకూడదు.

అమ్మ విషయంలో ఒక్క మాట. ఆమె ఆ ఇంట్లోనే ఉండేట్టయితే ఆమె చేత అన్నిటికంటే చివర సంతకం పెట్టించండి. పిల్లల ప్రేమ మీద నమ్మకం లేక కాదు. ఆమె వాటా ఆమెకు ఉండనివ్వండి. లేదా వాటా రాసిచ్చినా బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండే హక్కు దస్తావేజులోనే రాయించండి. "మాట మీద ఉందిలే" అన్నది కోడలు మారితే, ఊరు మారితే ఉండదు.

అందరి పేరునా ఉంచి అందరూ కలిసి ఈఎంఐ కట్టడం వినడానికి బావుంటుంది. నాకు నచ్చదు. మొదటి ఏడాది దాటాక ఒకరు ఆగిపోతారు, మిగతావాళ్లు మోస్తారు. పదేళ్ల తర్వాత కట్టినవాడు ఇల్లంతా నాదంటాడు, కట్టనివాడు వాటా అడుగుతాడు, ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తుంది. తప్పదనుకుంటే ఎవరు ఎంత కడతారు, కట్టకపోతే వాటా ఎలా తగ్గుతుంది, ఎన్నేళ్లకు అమ్మేస్తారు అని ఒప్పందం రాసుకోండి.

అమ్మేయడానికి ఇల్లు తనఖాలో ఉండటం అడ్డు కాదు. బ్యాంకు నుంచి మిగిలిన బాకీ లెటరు, దస్తావేజుల జాబితా తీసుకోండి. కొనేవాళ్లు లోను పెట్టుకుంటే వాళ్ల బ్యాంకే మీ బాకీని నేరుగా మీ బ్యాంకుకు కట్టి ఒరిజినల్స్ తీసుకుంటుంది, మిగతాది మీకు ఇస్తుంది. సేల్‌డీడ్ మీద వారసులందరి సంతకాలూ కావాలి. అక్క డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు కట్టించాలి. ఎన్ఆర్ఐ వాటా మీద టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను) బాగా ఎక్కువ పడుతుంది కాబట్టి తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖకు ముందే దరఖాస్తు పెట్టించండి.

పన్ను గురించి: వారసత్వంగా రావడం మీద మన దేశంలో పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీని 1985లోనే తీసేశారు. అమ్మినప్పుడు మాత్రం లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉంటుంది. కొనుగోలు ధరగా నాన్న పెట్టిన ఖర్చే లెక్క. ఇల్లు ఆయన చేతిలో ఉన్న కాలం కూడా మీ కాలంలో కలుస్తుంది. 2024 జులై 23కు ముందు వచ్చిన ఇంటికి ఇక్కడ నివసించేవాళ్లు సూచీ (ధరల పెరుగుదలకు తగ్గట్టు పాత కొనుగోలు ధరను పెంచి చూపే ఇండెక్సేషన్) లేకుండా 12.5 శాతం, సూచీతో 20 శాతం లెక్కల్లో ఏది తక్కువైతే అంతే కట్టొచ్చు. ఆడిటర్లకు కూడా గుర్తు చేయాల్సినది ఒకటుంది. నాన్న ఎప్పుడో కొన్న ఇంటిని వ్యాపారం కోసమో పెళ్లి కోసమో తాకట్టు పెట్టి పోతే, ఆ తాకట్టు విడిపించడానికి వారసులు కట్టిన సొమ్మును ఇంటి ఖర్చుగా చూపించవచ్చని సుప్రీంకోర్టు 1997లో ఆర్.ఎం. అరుణాచలం కేసులో చెప్పింది. ఆ ఇల్లు కొనడానికే తీసుకున్న లోనుకు ఇది వర్తించదనే అనుకోండి, ఆ ఖర్చు ముందే లెక్కలో ఉంటుంది.

ఇక బాకీ ఇంటి ధరను మించిపోతే? సహరుణగ్రహీతలు ఎవరూ లేకపోతే వదిలేయడం కూడా ఒక దారే, సిగ్గుపడాల్సింది లేదు. ముందు ఓటీఎస్ (ఒకేసారి కొంత కట్టి బాకీ ముగించుకునే ఒప్పందం) అడగండి. కుదరకపోతే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారం బ్యాంకులకిచ్చే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇస్తుంది. మీ అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం తీసుకున్నాక 45 రోజుల్లోపు డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్) వెళ్లొచ్చు, మనకు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఉన్నాయి. వేలంలో బాకీ పోను మిగిలితే అది వారసులదే, అడిగి తీసుకోండి. మొత్తం కట్టి విడిపించుకోవాలనుకుంటే మాత్రం వేలం ప్రకటన వెలువడకముందే చేయాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు.

అప్పు తీరాక

ఏ దారిన తీరినా చివర్లో బద్ధకించకండి. మొత్తం కట్టిన 30 రోజుల్లోపు ఒరిజినల్ దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5 వేలు ఇవ్వాలని ఆర్బీఐ నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. రుణగ్రహీత చనిపోతే వారసులకు ఎలా అప్పగిస్తారో ప్రతి బ్యాంకూ ముందే పద్ధతి పెట్టుకోవాలని కూడా అందులోనే ఉంది. "మీ నాన్నగారే రావాలి" అనే క్లర్కుకు ఆ మాట గుర్తు చేయండి. ఇవ్వకపోతే రాతపూర్వక ఫిర్యాదు, 30 రోజుల్లో జవాబు లేకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్.

దస్తావేజులు మీకిచ్చిన జాబితాతో సరిపోల్చుకుని, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) కూడా ఉన్నాయో లేదో అక్కడే కూర్చుని లెక్కపెట్టండి. తనఖా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరై ఉంటే దాని విడుదల దస్తావేజు కూడా రిజిస్టర్ చేయించాలి. నెల తర్వాత ఈసీ (ఆస్తి మీదున్న లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయండి. అందులో తనఖా ఎంట్రీతో పాటు దాని విడుదల కూడా కనిపించాలి. కనిపించకపోతే మళ్లీ బ్రాంచికి వెళ్లండి, ముద్ర వేయించుకున్న ఆ మొదటి ఉత్తరం కాపీ వెంట పట్టుకుని.